మూడుకండ్ల సాక్ష్యం

నాకు అనుమానం ఎక్కువని మా ఆయన వేణు అంటడు. ఉండదా మల్ల? చేపల దుకాణం నడుపుతున్న నేను. పొద్దుగాల అద్దాల తొట్టిల తిరిగిన చేప మాపటికి ఎల్లెలుకల తేలుతది. కొనుక్కపోయినోడు నీళ్లు మార్చడు, గింజలు పిడికెడు పోస్తడు, మల్ల ఒచ్చి "అక్కా, రోగం చేప అంటగట్టినవ్" అంటడు. గిసొంటి మనుషుల నడుమ బతికేదానికి అనుమానం కాక ఇంకేముంటది?

మా దుకాణం నిజామాబాదుల, వర్ని చౌరస్తా కాడ. గోల్డ్ ఫిష్, గప్పీలు, తాబేళ్ల మేత, రంగురాళ్లు, అన్నీ దొరుకుతయ్. ఈ ఏడు ఎండకాలం మొదట్ల హైదరాబాదుకెల్లి సరుకు ఒచ్చినప్పుడు దాంట్ల కొన్ని చిన్న పాకీట్లు ఒచ్చినయ్. మీద బొమ్మ ఉన్నది. అబ్బ, ఏం పురుగది! వీపు మీద డాలు బోర్లిచ్చినట్టు చిప్ప, ఎనుక రెండుగ చీలిన తోక, నెత్తి మీద మూడు కండ్లు. టాడ్‌పోల్ ష్రింప్ అని రాసున్నది. తోకకప్ప లెక్కుండే రొయ్య అని మా ఆయన అర్థం చెప్పిండు. పాకీటు చింపి చూస్తే ఏమున్నది, చిటికెడు ఇసుక!

"ఇసుకను గుడ్లని అమ్ముతున్నరు. నువ్వు నమ్మి తెచ్చినవ్" అంటి.

"గుడ్లు ఇసుకలనే ఉంటయట. నీళ్లు పోస్తే లేస్తయట. జర ఓపిక పట్టు" అన్నడు.

చిన్న అద్దాల తొట్టిల నల్లా నీళ్లు పట్టి పోసినం. ఏం లేవలే. నేను సంబురపడ్డ. నా మాట నిజమైతే నాకు అన్నం గూడ రుచి ఎక్కువ తెలుస్తది. మా ఆయన పాకీటు ఎనుక ఉన్న చిన్నక్షరాలు చదివి, నల్లా నీళ్లల్ల మందు ఉంటది, గది వీటికి పడదు, వాన నీళ్లన్న కావాలె, లేకుంటె డిస్టిల్ వాటరన్న కావాలె అని తేల్చిండు. నడి ఎండకాలం వాన నీళ్లు ఏడికెల్లి ఒస్తయ్? పక్క దుకాణం బ్యాటరీలది. ఆల్ల దగ్గర బ్యాటరీలల్ల పోసే నీళ్ల డబ్బా తెచ్చి పోసిండు. పైన బల్బు ఏలాడదీసిండు.

లేసినయ్. ఒట్టు, నా కండ్లతోటి చూసిన. ముందుగాల తెల్లటి చుక్కలు, ఉప్పు రవ్వంత. ఉన్నతాన ఉండకుండ జెర్కులిచ్చుకుంట ఎగురుతున్నయ్. చేపల మేత మెత్తగ నూరి చిటికెడు చల్లితే తిన్నయ్. చూస్తుండంగనే పెరిగినయ్. పొద్దున చూసినదానికన్న మాపటికి పెద్దగ, మాపటికి చూసినదానికన్న తెల్లారి పెద్దగ. డాలొచ్చింది, తోకొచ్చింది, మూడు కండ్లొచ్చినయ్. మేత కోసం ఎల్లెలుకలయి నీళ్ల పైన ఈదుతుంటే రోడ్డు మీద పోయేటోళ్లు నిలవడి చూసేటోళ్లు.

అయితే రోజురోజుకు తక్కువైతున్నయ్. నేను పిల్లిని అనుమానించిన. తొట్టి మీద ఇనుప జాలి పెట్టిన. అయినా తక్కువే. ఎదురుంగ కుర్చీ ఏసుకొని కూసున్న. అప్పుడు తెలిసింది. పెద్దది చిన్నదాన్ని పట్టుకొని నములుతున్నది! ఒక్క తల్లి గుడ్లు, ఒక్క తొట్టిల లేసినయ్, తోడబుట్టినదాన్నే తింటున్నయ్.

"సూడు, పురుగుల్ల గూడ అన్నలున్నరు" అంటి మా ఆయనతోటి.

ఆయన నా దిక్కు చూసి, "మల్ల మీ అన్న ముచ్చటకే ఒచ్చినవా?" అన్నడు.

ఒస్త మరి. చెప్త వినుండ్రి.

మా తల్లిగారి ఊరు జానకంపేట దాటినంక లోపలికి. పసుపు పండిచ్చే ఇల్లు మాది. మా అన్న నర్సన్న, నేను, ఇద్దరమే. నేను పెరిగింది మాత్రం భీమ్‌గల్‌ల, అమ్మమ్మ దగ్గర. ఎండకాలం బడి తాతీళ్లల్లనే మా ఊరికి పోయేదాన్ని. నా లగ్గం నాడు మా బాపు, "పసుపు కుంకుమ కింద బిడ్డకు ఒక తుకుడ భూమి" అని పదిమంది ముందట అన్నడు. అన్నడు గని రాసియ్యకముందే పోయిండు. ఇన్నేండ్ల సంది గా మాట మా అన్న మీదనే ఉన్నది. మేము కిరాయి ఇంట్ల ఉంటున్నమని, ఇల్లు కట్టుకుంటమని నేను గట్టిగ అడిగితే, ఈ ఏడు ఉగాది దాటినంక కొలిచి ఇచ్చిండు.

ఇచ్చింది ఏ తుకుడ? లోపలిది. బావి ఎనుకది. రోడ్డు మీది జాగ ఆయనే ఉంచుకున్నడు. రోడ్డు జాగ ఎవలికి చేదు? కొలిచిన నాడు నేను రోడ్డు మూల దిక్కు నడుస్తుంటే ఉరికొచ్చి, "గటు పోకు చెల్లె, ముండ్లున్నయ్" అని ఎనుకకు గుంజుకొచ్చిండు. నేను మనసుల పెట్టుకున్న. మా ఇంట్ల ఒక పద్ధతి ఉన్నది. భూమి ముట్టజెప్పినప్పుడు గా భూమిలకెల్లి ఇంత మన్ను తీసి తీస్కునేటోళ్ల కొంగుల పోస్తరు. అన్న పోసిండు. నల్లటి మన్ను. నేను తెచ్చి డబ్బాల పోసి దేవునర్రల పెట్టిన.

ఇగ మా వదిన గంగుబాయి. మాట తక్కువ మనిషి. మాట తక్కువోళ్ల కడుపుల ఏమున్నదో దేవునికే ఎరుక. నేను పోయినప్పుడల్ల చెయ్యి మెడ మీదకే పోతది. "మెడ గుంజుతున్నది భాగ్యా" అంటది. ఆడిబిడ్డకు చాకిరి చెయ్యాల్నంటే ఎవలికైన మెడ గుంజుతది. నేను అప్పుడే కనిపెట్టిన గని బయట పడలే.

గట్లుండంగ ఒకనాడు వెంకట్రావు సారు దుకాణానికి ఒచ్చిండు. బోధన్ దిక్కు క్యాంపుల ఉంటడు. ఆల్ల తాతలు గుంటూరు దిక్కుకెల్లి ఒచ్చి కాలువ కింద భూములు కొన్నరు. ముందు చెరుకు ఏసేటోడు, చక్కెర ఫ్యాక్టరీ బందయినంక వరికి దిగిండు. మనుమరాలి కోసం చేపలు కొనడానికి ఒస్తుంటడు. తొట్టిల పురుగులను చూసి పకపక నవ్విండు.

"ఇవేంటమ్మా, మా మళ్ళల్లోవి కదా! వీటిని అద్దాల పెట్టెలో పెట్టి లైటు కూడా వేశారే! దున్ని మొదటి నీళ్ళు పెడితే చాలు, చేలో ఎక్కడ చూసినా ఇవే. బురదంతా కెలికి పెడతాయి."

"మీ పొలంలకు ఏడికెల్లి ఒస్తయి సారూ?"

"ఎక్కణ్ణుంచీ రావు, నేలలోనే ఉంటాయి. నీళ్ళు నిలిచి ఎండిపోయే నేల ఉంటుంది చూడండి, ఆ మట్టిలో వీటి గుడ్లు ఏళ్ళ తరబడి అలా పడి ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగిలితే లేస్తాయి. పాకెట్లు కొనడం దేనికి, పిడికెడు మట్టి తెచ్చుకోండి. నీళ్ళు నిలవని నేలలో మాత్రం ఒక్కటి కూడా దొరకదు."

ఆయన చేపల కవరు పట్టుకొని పోయిండు. నేను గల్లాపెట్టె కాడనే కూసున్న గని నా మనసు దేవునర్రలకు పోయింది.

మా ఊర్ల, మా పొలం దిక్కే, ఒక కుంట ఉండేదని నాకు ఎరుక. బాపు మాటల్ల వినేదాన్ని. నేను పోయేది ఎండకాలం గనక నీళ్లు ఎన్నడు చూడలే. ఎండకాలం కుంటకు, చేనుకు ఫరకేమున్నది? రెండు ఎండి నెర్రెలు పడే ఉంటయ్. తర్వాత రోడ్డు పడ్డది, గట్లు పోయినయ్, అంత సాఫయింది. ఇప్పుడు గా కుంట ఎక్కడున్నది? ఎక్కడికి పోయింది? టీవీల చూస్తనే ఉన్నం, చెరువు జాగలల్ల ఇండ్లు కట్టుకున్నోళ్లు నెత్తి పట్టుకొని కూసున్నరు. అన్న కుంటను సాఫు చేసి నాకు అంటగట్టలేదని గ్యారంటీ ఏంది?

ఇంటికి పోయి డబ్బాలకెల్లి ఇంత మన్ను తీసిన. గాజు గిన్నెల పోసి బ్యాటరీ నీళ్లు పోసిన. బల్బు పెట్టిన. మా ఆయన చూసి, "ఏం చేస్తున్నవే?" అన్నడు.

"మా అన్నను పరీక్ష చేస్తున్న."

"మనిషిని పరీక్ష చెయ్యాల్నంటె మనిషిని అడగాలె. ఫోన్ చెయ్యి. గా జాగ ముందుగాల ఏముండె అన్నా అని అడుగు. గంతె."

"దొంగను దొంగతనం చేసినవా అని అడుగుతరా?"

"ఆయన దొంగ అని ఎవలన్నరు?"

"అందుకే కదా పరీక్ష!"

ఆయన చెయ్యి ఊపి పోయి పండుకున్నడు. గిన్నె కాడ నేనొక్కదాన్నే. రావొద్దు రావొద్దు అనుకున్న. అబద్ధమెందుకు, ఒస్తే బాగుండునని సగం మనసు కోరింది. ఇన్నేండ్లు పెంచుకున్న అనుమానం ఉత్తదని తేలితే దాన్ని ఏం చేసుకోవాలె?

మన్ను అడుగుకు దిగింది. నీళ్లు తేటయినయ్. ఒకనాడు పొద్దున చాయ్ గిలాస పట్టుకొని ఒచ్చి గిన్నెల చూసిన. తెల్లటి చుక్కలు, జెర్కులు! చాయ్ చీర మీద ఒలికింది. "వేణూ!" అని పేరు పెట్టి ఒర్లిన. ఎప్పుడు పేరు పెట్టి పిలువని ఆడిది ఒర్లితే ఆయన ఇల్లు అంటుకున్నదేమో అని ఉరికొచ్చిండు.

"సూడు. సూడు మా అన్న ఇచ్చిన పసుపు కుంకుమ!"

ఆయన చాలసేపు చూసిండు. "పురుగులు ఒచ్చినయ్. గంతవరకు నిజం. ఎందుకొచ్చినయో మనకు తెల్వదు" అన్నడు. ఆయన గట్లనే. ఇల్లు కాలుతున్నా పొగ ఎందుకొచ్చిందో చూద్దాం అంటడు.

నేను ఊకోలే. అవి డాలు తొడిగేదాక పెంచిన. సాక్ష్యం కండ్లకు కొట్టొచ్చినట్టు కనవడాలె కదా. పచ్చడి సీసాల నీళ్లు పోసి, నాలుగైదు పెద్దయి పట్టి ఏసుకొని, బోధన్ బస్సు ఎక్కిన. మా ఆయన దుకాణం బందు పెట్టి నా ఎంబడి ఒచ్చిండు. కొట్లాట ఆపనీకె అన్నడు.

మేము పోయేటాలకు మా అన్న, వదిన అరుగు మీద కూసొని విత్తనం పసుపు ఏరుతున్నరు. తొలకరికి పెట్టేది. నన్ను చూడంగనే అన్న మొకం ఇంతయింది. "చెప్పకుండ ఒచ్చినవేంది చెల్లె! గంగూ, నీళ్లు తే."

"నీళ్లు నేనే తెచ్చిన" అని సీసా తీసి ఆయన ముందట పెట్టిన.

సీసాను ఎత్తి ఎండకు పట్టి చూసిండు. చిన్నపిలగాని లెక్క నవ్విండు. "ఓరి! గివి ఏడ దొరికినయే? చిన్నప్పుడు వానలు పడంగనే కుంటల గివే పట్టేటోళ్లం. నువ్వు ఎండకాలం ఒచ్చేదానివి, నీకు దొరకకపోయేయి."

నాకు గదే కావాలె. "కుంటల పట్టేటోళ్లా? నీ నోటితోటి నువ్వే ఒప్పుకున్నవ్. గివి నువ్వు నా కొంగుల పోసిన మన్నులకెల్లి లేసినయ్."

నవ్వు ఆగింది. సీసా కింద పెట్టిండు. "గా తుకుడ కుంట కాదు చెల్లె."

"మరి పురుగులేంది?"

వదిన నోరు తెరిచింది. "భాగ్యా, గా మన్ను..." అని ఏదో చెప్పబోయింది. అన్న ఆమె దిక్కు చూసి తల అడ్డం ఊపిండు. వదిన నోరు మూసుకున్నది. చెయ్యి మెడ మీదకు పోయింది. నేను చూసిన. సైగలు! నా ముందటనే సైగలు!

"చెప్పనియ్యి. ఎందుకు ఆపుతున్నవ్? ఏం దాస్తున్నరు మీరిద్దరు?"

"దాసేదేం లేదు" అన్నడు అన్న. "బాపు మీద ఒట్టు, గది మంచి జాగ."

"బాపు పేరు ఎత్తకు. బాపు ఉంటే గిట్ల జేస్తడా? బిడ్డకు కుంట ఇచ్చి, కొడుకుకు రోడ్డు ఇస్తడా?"

గా మాట కొడితే తాకినట్టు తాకింది ఆయనకు. నేను చూసిన. చూసి గూడ ఆగలే. వాడకట్టు మొత్తం ఇనేటట్టు ఒర్లిన. మా ఆయన "భాగ్యా, భాగ్యా" అనుకుంట నా చెయ్యి పట్టుకుంటే ఇదిలిచ్చుకున్న. ఆఖరికి అన్న అడిగిండు, "ఇప్పుడు ఏమంటవ్?"

"లోపలి తుకుడ నువ్వే ఉంచుకో. నాకు రోడ్డు మీది జాగ ఇయ్యి."

"గది వద్దు చెల్లె. గా మూలకు వానకాలం నీళ్లు..."

"రోడ్డు జాగ అనంగనే నీళ్లు యాదికొచ్చినయా? కొలిచిన నాడు ముండ్లు, ఇయ్యాల నీళ్లు. రేపు పాములంటవ్."

అన్న పసుపు కొమ్ము ఒకటి చేతుల పట్టుకొని ఇరుస్తున్నడు, ఇరుస్తున్నడు. "సరే" అన్నడు. "నీ ఇష్టం. ఒక్క మాట ఇను. ఒక్క వానకాలం చూసినంక పునాది తియ్యి."

గంత సులువుగ సరే అంటడా ఎవలన్న? మల్ల వానకాలం దాక ఆగుమనుడేంది? ఆగితే నా మనసు మారుతదని ఆయన ఆశ. నేను గింత గూడ నమ్మలే. పోంగ పోంగ రోడ్డు జాగల ఆగి చెంగుల ఇంత మన్ను ఎత్తుకొచ్చిన. ఎర్రది, గరుకుది. ఇంట్ల గాజు గిన్నెల పోసి, గవే నీళ్లు, గదే బల్బు. చూసిన, చూసిన. ఒక్క చుక్క కదలలే. ఇంకా రెండు గిన్నెలు పెట్టిన. ఏం లేదు. ఎర్రటి నీళ్లు, ఎర్రటి మన్ను, గంతె.

"సూసినవా? సాక్ష్యం అంటే గిది" అంటి.

దుకాణంల పురుగులు గూడ అప్పటికి ఒక్కొక్కటి ముసలయి చచ్చిపోతున్నయ్. మా ఆయన వాటిని తీసేసి, అడుగు ఇసుకను ఎండబెట్టి ఒక పొట్లం కట్టి దాసిండు. దాంట్ల గుడ్లుంటయట. ఎండినంక గూడ పాణం పోదట. నాకైతే ఆయన నా దిక్కు తిరగకుండ ఉండనీకె పని ఎతుక్కుంటున్నడని అనుమానం.

మేస్త్రీ చంద్రయ్యతోటి పిల్లర్ల గుంతలు తీపిచ్చిన. మొరం గట్టిగున్నది, బాగున్నది అన్నడు. అన్న ఒక్కసారి ఒచ్చి దూరం నిలవడి చూసిపోయిండట. చంద్రయ్య చెప్పిండు. ఏం అనలేదట. ఏం అనలేదంటే ఏదో మనసుల పెట్టుకున్నడని నేను అనుకున్న. లోపలి తుకుడల ఆల్లు పసుపు పెట్టిన్రు. రాఖీ పున్నానికి పోవద్దని నేను గట్టిగ అనుకున్న.

వానలు పడ్డయ్. ఒక ముసురు పట్టింది, ఇడువలే. ముసురు జర తగ్గంగనే చంద్రయ్య ఫోన్ చేసిండు. "అక్కా, ఒక్కసారి ఒచ్చి చూసుకో. గుంతలు కనవడుతలేవు."

పోయినం. గుంతలు కాదు, జాగనే కనవడుతలేదు. రోడ్డు పక్కపొంటి మొత్తం ఎర్రటి నీళ్లు. గుంతల ఒడ్లు కూలి పడ్డయ్. ఏసిన ఇనుప చువ్వలు నీళ్లలకెల్లి చేతి ఏళ్ల లెక్క పైకి లేసి ఉన్నయ్. చుట్టుపక్క చేన్లకెల్లి నీళ్లన్నీ ఇక్కడికే పారుతున్నయ్, ఎన్నడో నేర్చుకున్న తొవ్వ మర్చిపోనట్టు. అన్న మోటరు పెట్టి నీళ్లు తోడుతున్నడు. నడుం దాక తడిసిండు. వదిన యూరియా సంచి నెత్తి మీద కొప్పెర లెక్క ఏసుకొని పైపు పట్టుకొని నిలవడ్డది.

మా ఆయన పోయి అన్న చేతులకెల్లి పైపు అందుకున్నడు.

నేను వదిన కాడికి పోయిన. "గిక్కడనేనా?" అంటి. ఏమడుగుతున్ననో ఆమెకు తెలిసింది.

"గిక్కడనే. గిదే కుంట."

"మరి పురుగులు ఎందుకు లేవలే? మూడు గిన్నెలు పెట్టిన వదినా. ఒక్కటి లేవలే."

"నువ్వు తీస్కపోయింది మొరం. రోడ్డు ఏసేటప్పుడు గుట్ట మొరం తెచ్చి కుంటను నింపిన్రు. గుట్ట మీద పురుగులు ఏడుంటయ్?" వదిన కొప్పెర సదురుకున్నది. "కుంట మన్ను కుంటల లేదు భాగ్యా. నీ తుకుడల ఉన్నది."

"నా తుకుడలనా?" అంటి.

"నీ లగ్గం ముందటి ఎండకాలం, గా ఏడు నువ్వు భీమ్‌గల్‌లనే ఉన్నవ్. నేను కొత్త కోడలిని. మీ బాపు, బిడ్డకు ఇచ్చే తుకుడల తేలిక మన్ను ఉండొద్దు, చేను మొత్తంల గదే మంచిగుండాలె అన్నడు. కుంట ఎండి ఉన్నది. అడుగు దాక తవ్విన్రు. మీ బాపు, మీ అన్న తవ్వుడు, నేను గంపలెత్తుడు. బండి లోపలికి పోకపోయేది, అప్పుడు తొవ్వ లేకుండె. నెత్తి మీదనే మోసిన. ఎండకాలం మొత్తం మోసిన."

చెయ్యి మెడ మీదకు పోయింది. అలవాటుగ పోయింది, ఆమెకు గూడ తెల్వకుండ.

"గా ఎండకాలం పట్టిన మెడనే ఇది. ఇడుస్తలేదు."

నాకోసం మోసిన మెడను నేను ఇన్నేండ్లు చాకిరి దొంగ మెడ అన్న. మనసుల అనుకొని ఊకున్ననా? మా ఆయనతోటి చెప్పి నవ్విన. పక్కింటోళ్లతోటి చెప్పి నవ్విన.

"గా రోజు ఎందుకు చెప్పలే? నోరు తెరిచి మూసుకున్నవ్ కదా!" అని ఏడ్సుకుంటనే కొట్లాటకు పోయినట్టు అడిగిన. నా గొంతే గసొంటిది.

"మీ అన్న వద్దన్నడు. ఆడిబిడ్డకు చేసింది నోటితోటి చెప్పి లెక్క చూపెడతమా అన్నడు. నీళ్ల సంగతి చెప్పబోయిండు, నువ్వు ఇనలే."

అన్న మోటరు కాడికెల్లి మా దిక్కు ఒచ్చిండు. నేను ఏడుస్తున్నది చూసి, ఇల్లు పోయిందని ఏడుస్తున్న అనుకున్నడు పాపం. "గుంతలే కదా చెల్లె పోయినయ్, గోడలు లేవలే కదా. పరేషాన్ గాకు. లోపలి తుకుడల పసుపు తవ్వినంక నీదే. ఏసిన పంటను ఇప్పుడు పీకలేం, సంక్రాంతి పోయేదాక ఆగు" అన్నడు. లోపలి దిక్కు చెయ్యి చూపెట్టిండు. చేను మొత్తంల గా తుకుడ ఒక్కటే నల్లగ కనవడుతున్నది, పసుపాకు గంత చిక్కగ లేసింది. బావి కాడికెల్లి వరుసగ చూస్తే ఎక్కడ నా జాగ మొదలైతదో గుడ్డోడు గూడ చెప్తడు. నేను మూడు కండ్ల పురుగును నమ్మిన గని నా రెండు కండ్లతోటి ఒక్కసారి తిరిగి చూడలే.

నాకు ఇంకొక సంగతి గూడ చెప్పాలె, చెప్పకపోతే ఇది అబద్ధమైతది. ఆయన "నీదే" అనంగనే నా కడుపుల పాత పురుగు మల్ల ఒకసారి కదిలింది. గంత తిట్టినంక, గంత సులువుగ మల్ల ఎందుకు ఇస్తుండు? ఏమున్నది దీంట్ల? గట్ల అనుకున్న. అనుకొని నా మీద నాకే అసహ్యం పుట్టింది. మల్లొచ్చేటప్పుడు బస్సుల కిటికీ దిక్కు తిరిగి కూసున్న.

రాఖీ పున్నానికి పోయిన. పోవద్దనుకున్న మనిషినే అందరికన్న ముందు పోయిన. అన్నకు రాఖీ కట్టిన. చెయ్యి పట్టుకొని, "బాపు పేరు ఎత్తి అన్న మాటకు నా నోట్ల పురుగులు పడ" అని ఏదో మొదలుపెట్టిన. "పురుగులు చాలు తల్లీ, ఇగ పురుగుల ముచ్చట వద్దు" అన్నడు. అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన, ముక్కు చీదుకుంట.

వదిన లోపలికి పోయి చేటల ఏదో తెచ్చింది. "కొంగు పట్టు" అన్నది. పట్టిన. నల్లటి మన్ను పోసింది. పసుపు సాళ్ల నడుమకెల్లి తీసిందట, తడితడిగ ఉన్నది, పసుపు వాసన ఒస్తున్నది. "మల్ల ముట్టజెప్పాలె కదా. ఈసారి మీ అన్న కాదు, నేను ముట్టజెప్తున్న."

కొంగు మూట కట్టుకోబోతూ, చెయ్యి ఊకోక, ఇంత మన్ను ఏళ్ల నడుమ నలిపి చూసిన. నల్లదేనా, మొరం కలిసిందా అని. ఉత్త అలవాటు. వదిన చూసింది. ఆమె చూసిందని నేను చూసిన.

"ఇంకా అనుమానమేనా?" అన్నది.

"పోతలేదు వదినా. మొదటిసంది ఉన్నది కదా, లోపల ఎండి పడి ఉంటది" అంటి.

వదిన నవ్వింది. నవ్వుతుంటే మెడ గుంజింది, చెయ్యి పైకి లేసింది. ఈసారి ఆ చెయ్యి మెడ దాక పోనియ్యలే నేను. కొంగుల మన్ను మూటగట్టి నడుముల చెక్కుకొని, వంటింట్ల నూనె జర వేడి చేసి తెచ్చి, ఆమె ఎనుక పీట ఏసుకొని కూసున్న. మెల్లగ రాసిన. మెడ కింద, భుజం కాడ, నా ఏళ్లకు గట్టిగ ఒక గడ్డ తాకింది. ఎన్నేండ్లదో గడ్డ.

"ఇక్కడనేనా?" అంటి.

"ఇంకొంచెం కిందికి" అన్నది వదిన.